భగేలా పత్రం నుంచి అంగీకార పత్రం దాకా

అవయవ వ్యాపారాన్ని గురించి మన పత్రికల్లో వచ్చే వ్రాతలన్నీ ఇంచుమించు ఒకే తీరుగా వుంటాయి. ఒక ముఠా దొరుకుతుంది. ఒక దళారీ పేరు, ఇద్దరు ముగ్గురు వైద్యుల పేర్లు, ఒక ఆసుపత్రి పేరు బయటికి వస్తాయి. నాలుగు రోజులు ఆగ్రహం, అయిదో రోజు మౌనం. మూడు నాలుగేళ్ళు గడిచాక మరో ఊళ్ళో మరో ముఠా. ఈ వ్యవహారాన్ని పోలీసుల కంటితో మాత్రమే చూచినంతకాలం ఈ వరుస ఇంతే. నేరగాళ్ళ కథ వేరు, ఆ నేరానికి సరకు అందిస్తూ వచ్చిన సమాజపు చరిత్ర వేరు. ఆ రెండవదానిని కొంచెం తడవి చూడాలని ఈ వ్యాసం ఉద్దేశం. అందుకు ఎక్కడికో పోనక్కరలేదు. స్టేషన్ ఘన్‌పూర్, పాలకుర్తి, జనగామ ప్రాంతం నుంచే మొదలుపెట్టవచ్చు.

ములుగు వైపున కోటగుళ్ళున్న ఘనపురం వేరు, ఈ ఘన్‌పూర్ వేరు. 1880ల దశకంలో నైజాం రైలు సికిందరాబాదు నుంచి వరంగల్లుకు సాగినప్పుడు దారిలో పడ్డ ఊరు కాబట్టి దీని పేరుకు స్టేషన్ అన్న మాట తగులుకున్నది. రైలు వచ్చింది గాని దొరతనం పోలేదు. పక్కనే విసునూరు దేశముఖు రాజ్యం. చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టి మోటబొక్కెనలు కట్టాలి. వెట్టికి కూలి లేదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను తన ఇంటికి చేర్చుకోవడానికే పోరాడవలసి వచ్చింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆనాడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనిది. ఈ సంగతిని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. నల్లగొండ పేరు ఈ వ్యాసంలో మరొక సందర్భంలో వస్తుంది.

వెట్టిని గురించి మనం చాలా వ్రాసుకున్నాం. భగేలాను గురించి వ్రాసుకున్నది తక్కువ. వెట్టి కులాన్నిబట్టి వచ్చిన బరువు. భగేలా అప్పునుబట్టి వచ్చిన బరువు. పెళ్ళికో, చావుకో, కరువులో గింజలకో దొర దగ్గర అప్పు చేసినవాడు ఆ అప్పు తీరేదాకా జీతముండాలి. ఆ జీతం పూట గడవడానికే చాలదు గనుక అప్పు తరగదు. వడ్డీ కలిసి తండ్రి అప్పు కొడుకు మెడకు చుట్టుకుంటుంది. భగేలాలలో అత్యధికులు మాల మాదిగలే అని వేరే చెప్పనక్కరలేదు.

ఈ దుర్మార్గం నిజాం ప్రభుత్వానికి తెలియనిది కాదు. 1936లో ఒక శాసనం చేశారు. దాని పేరు భగేలా ఒప్పందాల నిబంధన. ఆ పేరులోనే అసలు విషయమంతా వున్నది. తరతరాల దాస్యాన్ని ప్రభుత్వం ఒక ఒప్పందంగా చూచింది. ఒప్పందం గనుక దానికి వ్రాత వుండాలి, గడువు వుండాలి, లెక్క వుండాలి అన్నది. కాగితం వ్రాసేది పట్వారీ, వ్రాయించేది దొర, వేలిముద్ర వేసేది అక్షరం రానివాడు. అందుచేత కాగితం పుట్టింది గాని విముక్తి పుట్టలేదు. నిర్బంధాన్ని సమ్మతిగా మార్చి చూపే కాగితం ఒకటి చేతికి వస్తే దోపిడీకి సగం పని తీరినట్టే. వెట్టిచాకిరీని దేశమంతటా చట్టప్రకారం రద్దు చేసిన ఆర్డినెన్సు 1975 అక్టోబరులో వచ్చింది, దాని చట్టం 1976లో. అంటే రజాకార్లు పోయిన పాతికేళ్ళకు పైగా అయిన తరువాత!

భగేలా జీతగాడు తన శరీరాన్ని తాకట్టు పెట్టాడని మనం అంటూ వుంటాం. నిజానికి అతడు తాకట్టు పెట్టినది తన శ్రమశక్తిని. శ్రమశక్తికి ఒక గుణం వున్నది. రాత్రి తిండీ నిద్రా దొరికితే తెల్లవారేసరికి అది మళ్ళీ తయారవుతుంది. దొర తినేది అలా మళ్ళీ మళ్ళీ తయారయ్యేదానినే. కిడ్నీ అట్లాంటిది కాదు. (పుస్తకాల్లో మూత్రపిండమంటాం గాని మన జనం కిడ్నీ అనే అంటారు, అమ్మకం జరిగేది కూడా ఆ పేరుతోనే.) అది ఒకసారి పోతే తిరిగి మొలవదు. శ్రమశక్తికి మూలమైన దేహంలోనుంచే ఒక ముక్కను అమ్మడం ఇది. బంగారు గుడ్డు సంగతి వదిలి బాతునే కోసి అమ్ముకున్నట్టు. బాకీపడ్డవాడి దేహాన్ని రుణదాతలు పంచుకోవచ్చునన్న మాట క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దపు రోము ద్వాదశ ఫలకాల శాసనంలోనే వున్నది. నిజంగా కోసేవారా, బెదిరింపు కోసం పెట్టిన మాటా అని చరిత్రకారులు నేటికీ వాదించుకుంటున్నారు. మన కాలంలో ఆ వాదానికి చోటు లేదు.

అయితే అప్పు యుగయుగాలుగా వుండగా కిడ్నీ అమ్మకం నలభై ఏళ్ళ నాటి ముచ్చట మాత్రమే ఎందుకయింది? ఇక్కడ విజ్ఞానశాస్త్ర చరిత్ర కొంత కావాలి. 1954 డిసెంబరులో అమెరికాలోని బోస్టన్ నగరంలో జోసెఫ్ మర్రే బృందం మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి చేసింది. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ కవల సోదరులు. మన దేశంలో 1971లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో దగ్గరి బంధువు కిడ్నీతో ఆ పని సఫలమయింది. ఆ దశలో వైద్యానికి రక్తసంబంధం ఒక హద్దు. పరాయి కిడ్నీని దేహం తిప్పికొడుతుంది. నార్వేలోని మట్టిలో దొరికిన ఒక బూజునుంచి తీసిన సైక్లోస్పోరిన్ అనే మందు 1983లో అమెరికాలో ఆమోదం పొందిన తరువాత ఆ హద్దు సడలింది. అన్నదమ్ముడు కానివాడి కిడ్నీ కూడా పనికివస్తుంది. ఒకరిది మరొకరికి సరిపోయిన నాడే ఏ వస్తువైనా సరకు అవుతుంది. ప్రాణం పోసే మందే బజారుకు తలుపు తీసింది. తప్పు మందుది కాదు; ఆ మందు వచ్చిపడ్డ సమాజంలో అమ్ముకొని బ్రతకవలసినవాడూ, కొనగలిగినవాడూ ముందే తయారుగా వున్నారు.

1980ల చివరకు మద్రాసులో విల్లివాక్కం పేటకు కిడ్నీవాక్కం అన్న పేరు వచ్చింది. గుడిసెల్లోని స్త్రీలు అమ్మకందారులు. కొనుగోలుదారులు ఇక్కడి ధనికులే కాదు, విమానమెక్కి వచ్చిన విదేశీయులు కూడా. ఈ వ్యాపారానికి మన దేశంలో ఒక పూర్వగాథ వున్నది. 1985లో ప్రభుత్వం నిషేధించేదాకా ప్రపంచపు వైద్యకళాశాలలకు మనుష్యుల అస్థిపంజరాలను పెద్ద ఎత్తున ఎగుమతి చేసిన దేశం మనది. పేదవాడి ఎముక ముందు ఓడ ఎక్కింది, తరువాత కిడ్నీ విమానమెక్కింది. బ్రిటన్ చరిత్ర కూడా దీనికి భిన్నంగా లేదు. 1828లో ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు శవాలను అమ్ముకోవడానికి మనుష్యులను చంపారు. దేశం అట్టుడికింది. 1832లో పార్లమెంటు చేసిన శరీరశాస్త్ర చట్టం శవాల దొంగతనాన్ని ఆపింది. ఎట్లా ఆపిందంటే, దిక్కులేనివాళ్ళ శాలల్లో చచ్చిపోయి ఎవరూ అడగని పేదల శవాలను కళాశాలలకు ఊరికే అప్పగించి! బజారు మూతపడింది, బరువు మాత్రం పేదవాడిమీదనే నిలిచింది.

మన చట్టం 1994లో వచ్చింది. వైద్యం రాష్ట్రాల విషయం గనుక ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1995లో తనదైన చట్టం చేసుకొన్నది. డబ్బిచ్చి అవయవం కొనడం, డబ్బు పుచ్చుకొని ఇవ్వడం రెండూ నేరమన్నారు. మెదడు మరణాన్ని మరణంగా గుర్తించారు. ఇవి మంచి పనులే. కాని కేంద్ర చట్టపు తొమ్మిదవ సెక్షనులో ఒక సందు వదిలారు. దగ్గరి బంధువు కానివాడు కూడా రోగిమీద ప్రేమచేతనో, అభిమానంచేతనో, మరేదైనా ప్రత్యేక కారణంచేతనో కిడ్నీ ఇవ్వదలిస్తే అధికార సంఘం అనుమతించవచ్చు. ఇంకేం! స్టాంపు కాగితాలమీద ప్రేమ పొంగిపొర్లింది. ఎన్నడూ చూడని షావుకారుమీద కూలివాడికి అకారణమైన అభిమానం పుట్టుకొచ్చింది. ఇంటి పనిమనిషి యజమానికి చెల్లెలయింది. 1936లో నిర్బంధాన్ని ఒప్పందమన్నారు. 1994 తరువాత అమ్మకాన్ని అభిమానమన్నారు. రెండుచోట్లా ప్రభుత్వం అడిగినది కాగితం, అడగనిది అప్పు.

ఈ చోట దానమన్న మాటను గురించి ఒక మాట. శిబి చక్రవర్తి కథ మన వైద్యుల ఉపన్యాసాల్లో తరచుగా వినిపిస్తుంది. ఆ కథలో రాజు తన తొడకండ కోసి పావురాన్ని కాపాడాడు. నేటి కథలో కండ కోసి ఇచ్చేది పావురం; బ్రతికేది రాజు. కథను తిరగేసి చెబుతూ పాత పేరునే వాడడం సాహిత్యపరంగా కూడా అన్యాయమే.

ఇక అప్పు సంగతి. జాగీర్దారీ 1949లో రద్దయింది. కౌలుదారీ చట్టం 1950లో వచ్చింది. దొర గడీ క్రమంగా పాడుపడింది. కాని వరంగల్లు జిల్లా రైతు అప్పునుంచి బయటపడలేదు. అప్పిచ్చే చేయి మారింది. బోరుకు అప్పు, విత్తనానికి అప్పు, పురుగుమందుకు అప్పు. విత్తనాలమ్మే దుకాణదారే మందులమ్ముతాడు, అతడే వడ్డీకిస్తాడు, చివరకు పత్తి కూడా అతడికే తూచాలి. 1997-98లో లద్దెపురుగు పత్తిని తినేసినప్పుడు వరంగల్లు జిల్లాలో వందలకొద్దీ రైతులు ఆ అప్పుతో తెచ్చుకొన్న పురుగుమందునే తాగి చనిపోయారు. ఆ చావులమీద కమిటీలు వేశారు, నివేదికలు వ్రాశారు, నష్టపరిహారం చెక్కులు పంచారు. ఆ కాలానికి కాస్త అటూయిటూగానే పల్నాడులో, రెంటచింతల పరిసరాల్లో, పత్తీ మిరపా వేసి దెబ్బతిన్నవారు కిడ్నీలు అమ్ముకొంటున్నారన్న వార్తలు బయటికి వచ్చాయి. చావూ కిడ్నీ అమ్మకమూ ఒకే అప్పు చూపిన రెండు దారులు. మొదటి దారిన పోయినవాడు మన కంటపడ్డాడు. రెండవ దారిన పోయినవాడు చొక్కా వేసుకొని మళ్ళీ కూలికి పోయాడు గనుక లెక్కకు రాలేదు.

2016 జనవరిలో నల్లగొండ పోలీసులు ఒక యువకుణ్ణి పట్టుకున్నారు. చదువుకున్నవాడు, ఇరవై రెండేళ్ళవాడు. పోలీసుల కథనం ప్రకారం అతడు మొదట కొలంబోకు వెళ్ళి తన కిడ్నీని అమ్ముకున్నవాడే. తరువాత ఇంటర్నెట్‌లో తనవంటి వారిని వెదికి పట్టుకొని శ్రీలంకకు పంపే దళారీ అయ్యాడు. అమ్మినవారికి అయిదు లక్షల రూపాయల చొప్పున, కొన్న రోగులవద్ద పాతిక లక్షలకు పైగా. కేసు సి.ఐ.డి.కి వెళ్ళింది. కొలంబోలోని వైద్యుల పేర్లు బయటికి వచ్చేసరికి శ్రీలంక ప్రభుత్వం విదేశీయులకు కిడ్నీ మార్పిడిని ఆ నెలలోనే ఆపివేసింది.

ఈ కేసులో రెండు విషయాలు మన దృష్టిని ఆపాలి. మొదటిది: అమ్మినవాడే దళారీ కావడం. పాలమూరు కూలీల చరిత్ర తెలిసినవారికి ఇది కొత్త కాదు. దూరదేశాల ఆనకట్టల పనికి కూలీలను తోలుకుపోయే గుంపుమేస్త్రీ కూడా ఒకప్పుడు తట్ట మోసినవాడే; ముందుగా కొంత డబ్బు చేతిలో పెట్టి మనిషిని కట్టిపడేసే విద్య అతడు తన వీపుమీదనే నేర్చుకున్నాడు. ముఠా నాయకుడి రాక్షసత్వాన్ని వర్ణించడంలో మన పత్రికలు చూపే ఉత్సాహం వెనుక ఈ సాధారణ సత్యం మరుగునపడుతుంది. రెండవది: వీరిలో పలువురు పల్లె రైతులు కారు, చదువుకున్న నిరుద్యోగులు. 1946లో సంఘంలో చేరి గుత్పలు పట్టిన నల్లగొండ యువకుల మనుమల కాలంవారు. వీరిని చేర్చుకోవడానికి సంఘం లేదు; రమ్మని పిలిచినది ఇంటర్నెట్ ప్రకటన. ఇది చదువుతున్న విద్యార్థులూ ఉపాధ్యాయులూ కొంచెం ఆగి ఆలోచించవలసిన చోటు ఇదేనని నా అభిప్రాయం.

కొలంబో ప్రయాణం వంటివాటికి ప్రపంచం ఒక పేరు పెట్టింది: మార్పిడి పర్యాటకం. యాత్ర, విహారం, విడిది అన్న అర్థాలు తోచే ఈ పేరును పెట్టినవారి తెలివిని మెచ్చుకోవాలి! 2008లో ఇస్తాంబుల్‌లో సమావేశమైన వైద్యులు ఒక ప్రకటన చేశారు. చికిత్సకోసం దేశం దాటడం తనంతట తాను తప్పు కాదనీ, అందులో అవయవాల కొనుగోలు గాని, ఆ దేశపు రోగులకు దక్కవలసిన వనరులను లాక్కోవడం గాని వుంటే అది పర్యాటకమనే దుర్నీతి అవుతుందనీ వివరించారు. అంతకు ముందే 1987లో ప్రపంచ ఆరోగ్యసభ ఈ వ్యాపారాన్ని ఖండించింది. పాకిస్తాను 2007లో, ఫిలిప్పీన్సు 2008లో విదేశీయుల కొనుగోళ్ళకు అడ్డుకట్ట వేశాయి. మన 2011 సవరణ చట్టం విదేశీ రోగికి భారతీయుడు దగ్గరి బంధువయితే తప్ప అవయవం ఇవ్వరాదన్నది.

ఈ కట్టడులన్నీ నీటికి కట్టిన గట్లవంటివయ్యాయి. ఒకచోట కట్టితే మరోచోట పారింది. మద్రాసులో గట్టి చేస్తే కొలంబో. కొలంబో మూస్తే ఇరాను. ఇరానులో 1988నుంచి ప్రభుత్వ పర్యవేక్షణలో కిడ్నీకి ప్రతిఫలం ఇచ్చే పద్ధతి వున్నది. కాని అక్కడ విదేశీయుడు ఇరానీయుడి కిడ్నీ కొనరాదు; ఇచ్చేవాడూ పుచ్చుకొనేవాడూ ఒకే దేశంవారై వుండాలి. తమ పేదలను కాపాడుకోవడానికి వారు పెట్టుకున్న ఈ నియమం ఫలితంగా, భారతీయ రోగి అక్కడికి వెళ్ళాలంటే తన వెంట ఒక భారతీయ పేదను కూడా తీసుకుపోవాలి. 2024 మే నెలలో కేరళ పోలీసులు కొచ్చి విమానాశ్రయంలో పట్టుకున్న దళారీ కేసు ఇటువంటిదే. మనుష్యులను ఇరానుకు తీసుకువెళ్ళిన ఆ ముఠా వేళ్ళు హైదరాబాదు దాకా, విజయవాడ దాకా వున్నట్టు దర్యాప్తులో తేలింది. తరువాత కేసును జాతీయ దర్యాప్తు సంస్థ తీసుకున్నది. ఆపైన ప్రవాహం వెనక్కు కూడా తిరిగింది. 2025 జనవరిలో హైదరాబాదు సరూర్‌నగర్‌లో ఒక ఆసుపత్రిమీద దాడి జరిగితే, అమ్మినవారు తమిళనాడు స్త్రీలు, కొన్నవారు కర్ణాటకవారు. చేతికి నాలుగైదు లక్షలు, రోగివద్ద యాభై లక్షలకు పైగా అని వార్తలు. నల్లగొండ పిల్లలు సముద్రం దాటితే, తమిళ స్త్రీలు మన గడపకు వచ్చారు. సరిహద్దు ఈ వ్యాపారానికి అడ్డంకి కాదు, లాభసాధనం. ఎందుకంటే పరాయి ఊళ్ళో కోత పడినవాడికి అరిచే భాష కూడా వుండదు.

నిషేధం ఫలించలేదు గనుక బజారునే చట్టబద్ధం చేయండని వాదించేవారున్నారు. వారిలో మంచివారూ వున్నారు. ఆమె దేహం ఆమెది, అమ్ముకొనే హక్కు ఆమెకెందుకు వుండరాదు అని వారు అడుగుతారు. ఒప్పంద స్వేచ్ఛ అనే ఈ వాదం వినడానికి ఎంత ఆధునికంగా వున్నా 1936 నాటిదే. దీనికి సమాధానం సిద్ధాంతంలో కంటె లెక్కలో బాగా దొరుకుతుంది. 2001లో చెన్నైలో కిడ్నీ అమ్ముకున్న 305 మందిని పరిశోధకులు కలుసుకొన్నారు. 2002లో అమెరికా వైద్య సంఘపు పత్రికలో ఆ ఫలితాలు అచ్చయినాయి. నూటికి 96 మంది అప్పు తీర్చడానికే అమ్మారు. సగటున ముట్టినది 1,070 డాలర్లు, చెప్పిన ధర కంటె తక్కువ. అమ్మిన తరువాత కుటుంబపు సగటు ఆదాయం సుమారు మూడోవంతు పడిపోయింది. నూటికి 86 మంది ఆరోగ్యం చెడిందన్నారు. నూటికి 79 మంది ఇతరులను అమ్మమని సలహా ఇవ్వమన్నారు. అన్నిటికంటె ముఖ్యమైనది: అమ్మినవారిలో నాలుగింట మూడువంతుల మంది ఇంకా అప్పులోనే వున్నారు. భగేలా లెక్క కూడా ఇట్లాగే తేలేది.

రోగిని గురించి మాట్లాడకపోతే ఈ చర్చ సగమే అవుతుంది. కిడ్నీ చెడినవాడు కూడా మనవాడే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య, జీడితోటల మధ్య పనిచేసేవారు వేలకొద్దీ ఆ జబ్బుతో కుంగిపోయారు. కారణం నేటికీ పూర్తిగా తేలలేదు. వారిలో దళారీ తలుపు తట్టగలవారెందరు? మార్పిడి పర్యాటకానికి పోగలవాడికే పోటీదారు లేకుండాపోతాడు; పోలేనివాడు డయాలసిస్ మంచంమీద వంతుకోసం చూస్తాడు. ఇంటిలోపల కూడా ఒక బజారు వున్నది, దానికి డబ్బు అక్కరలేదు. ప్రభుత్వ లెక్కల ప్రకారం 1995 నుంచి 2021 వరకు దేశంలో జరిగిన 36,640 మార్పిడులలో 29,695 పురుషులకు, 6,945 స్త్రీలకు. బ్రతికివుండి ఇచ్చినవారిలో మాత్రం అత్యధికులు స్త్రీలు: భార్యలు, తల్లులు. ఈ త్యాగాన్ని మనం కవిత్వంలో ఎంతో పొగిడాం. ఆమె కాదంటే ఆ ఇంట్లో ఏమవుతుందో అధికార సంఘం అడగదు, మనం కూడా అడగలేదు.

దారి లేదనుకోవడం పొరపాటు. స్పెయిను దేశం 1979లో చట్టం చేసి, 1989లో జాతీయ సంస్థను ఏర్పరచి, ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే శిక్షణపొందిన వైద్యులను నియమించి, మరణానంతర దానంలో ప్రపంచానికి ముందు నిలిచింది. అక్కడ అవయవం అందరిదీ. వరుస కూడా అందరిదీ. మన జీవన్‌దాన్ పథకం కూడా మరణానంతర దానంలో తెలంగాణను దేశంలో మొదటి వరుసకు తెచ్చింది. అయితే ఇచ్చే కుటుంబం చాలాసార్లు రోడ్డు ప్రమాదంలో కొడుకును పోగొట్టుకొన్న బీదకుటుంబం. మార్పిడి చేసే బల్లలు చాలావరకు కార్పొరేటు ఆసుపత్రుల్లో వున్నాయి. వరంగల్లులో ఎం.జి.ఎం. వంటి ఆసుపత్రుల్లో ఆ బల్లలు పెరగనంతవరకు, ఘన్‌పూరునుంచి వచ్చే రోగికి ఆ వరుస అర్థం కాదు, అందదు.

2025 మార్చిలో తెలంగాణ శాసనసభ పాత 1995 చట్టాన్ని వదిలి కేంద్ర చట్టాన్ని స్వీకరిస్తూ తీర్మానించింది. శిక్ష ఇప్పుడు అయిదు నుంచి పదేళ్ళు, జరిమానా ఇరవై లక్షల నుంచి కోటి రూపాయల దాకా. పందొమ్మిదవ సెక్షను ప్రకారం డబ్బిచ్చినవాడూ డబ్బు పుచ్చుకొన్నవాడూ ఇద్దరూ దోషులు. అయిదు లక్షలకు కిడ్నీ అమ్మి ఆ డబ్బు వడ్డీ వ్యాపారికి కట్టివేసినవాడు ఆ జరిమానా ఎక్కడినుంచి తెస్తాడో చట్టం చెప్పలేదు. అతనికి అప్పిచ్చినవాడి పేరు ఆ చట్టంలో ఎక్కడా రాదు. 2016లో నల్లగొండ పోలీసులు దళారీతోపాటు కిడ్నీ ఇచ్చిన యువకులను కూడా నిందితులుగానే నిలబెట్టారు. ఆ కోత మచ్చ ఒక్కటే ఈ నేరానికి చెరగని సాక్ష్యం. దాన్ని చూపినవాడికి జైలు గనుక, అమ్ముకొన్నవాడు పోలీసు స్టేషనుకు రాడు, ధర్మాసుపత్రి వైద్యుడి ముందు కూడా చొక్కా విప్పడు.